రూపాయి మీద నమ్మకం ఎవరిది?

అంబేద్కర్ 1923లో లండన్‌లో అచ్చేసిన 'రూపాయి సమస్య'ను రిజర్వ్ బ్యాంకుకు పునాది అని పొగిడి మనవాళ్లు పక్కన పెడుతున్నారు. చదివితే కదా అసలు సంగతి తెలిసేది!

1893లో వలస ప్రభుత్వం, జనం వెండి తెచ్చి టంకశాలల్లో రూపాయలు కొట్టించుకునే వీలు తీసేసింది. ముద్రణ పూర్తిగా సర్కారు చేతికి పోయింది. తర్వాత నిలబడ్డ బంగారు మారక పద్ధతిని కీన్స్ మెచ్చుకున్నాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. పాలకుల తెలివిని నమ్మి ఊరుకోవద్దు, ముద్రణకే హద్దు పెట్టండన్నాడు. రూపాయి విలువ పడితే ధరలంత వేగంగా కూలి పెరగదు, వ్యాపారి లాభం కూలివాడి నష్టమే అని వాదించాడు.

ఈ పుస్తకంలో కులం చర్చకు రాదు. ఆ లోటును మనమే పూరించాలి. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దు చేసినప్పుడు రోజుకూలీ పని మానుకొని వరుసలో నిలబడ్డాడు. నిర్ణయంలో అతనికి పాత్ర లేదు. నోటును నమ్మక తప్పనివాళ్లకు దాని మీద అదుపెందుకు లేదని మేం అడుగుతున్నాం.