పళ్ళ డాక్టరుకు దవడతో ఏం పని?

కొత్తపేట దగ్గర బైకు మీంచి పడి దవడ విరగ్గొట్టుకున్న కుర్రాణ్ణి ముందు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన చెవి, ముక్కు, గొంతు చూసే ఆయన దగ్గరికి పంపుతాడు. ఆయన ఎక్స్‌రే చూసి రాజమండ్రి రాస్తాడు. తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి మూతి గుమ్మడికాయంత అయి ఉంటుంది. అప్పుడు కూడా కుర్రాడి మేనమామ నా బోర్డు వంక అనుమానంగా చూసి, "ఏవండీ, పళ్ళ డాక్టరుగారికి దవడతో ఏం పనండీ?" అంటాడు.

పనంతా అక్కడేనండీ. కాలెముక కాస్త అటూఇటూగా అతుక్కున్నా మనిషి నడిచేస్తాడు. దవడ వెంట్రుకవాసి పక్కకి జరిగి అతుక్కుంటే ముద్ద నమల్లేడు. అందుకే ముందు పైపళ్ళకీ కిందిపళ్ళకీ కడ్డీలు కట్టి, తీగతో బిగించి, పాత కాటు, అంటే పళ్ళు కలిసే తీరు, దొరికిందో లేదో చూసుకుంటాం. టైటానియం ప్లేటు ఆ తర్వాత. పళ్ళు మూసి ఉంచి చెయ్యాల్సిన పని కాబట్టి మత్తు డాక్టరు గొట్టాన్ని ముక్కులోంచి దించుతాడు. ఎముక ఎక్కడ కూర్చోవాలో చెప్పేది పన్నే. ఇంగ్లండులో ఈ పనికి వైద్యం, దంతవైద్యం రెండు డిగ్రీలూ కావాలి. మన దగ్గర బి.డి.ఎస్. ఐదేళ్ళు, దాని మీద ఎం.డి.ఎస్. మూడేళ్ళు.

పోయిన ఆదివారం రాజోలు నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. పిల్లకి ఇదే ఎం.డి.ఎస్. చివరి ఏడాది. "బాబాయ్, తర్వాత ఏం చెయ్యను?" అంది. కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. అమలాపురం, రాజానగరం, భీమవరం, ఎటు చూసినా డెంటల్ కాలేజీలే. సొంత క్లినిక్కు పెట్టుకోవచ్చు. పది క్లినిక్కులు తిరిగి జ్ఞానదంతాలు తియ్యొచ్చు. హైదరాబాదులో నోటి కేన్సర్ మీద ఫెలోషిప్పు చెయ్యొచ్చు. వాళ్ళ నాన్న ఓటు మాత్రం కువైట్‌కి. "మనోళ్ళంతా అక్కడే కదరా" అన్నాడు.

నా సంగతి చెప్పాను. మొదట్లో పొద్దున్న కాలేజీ, సాయంత్రం స్కూటరు. పనిముట్ల పెట్టె ముందు పెట్టుకుని అంబాజీపేట, ముమ్మిడివరం, రావులపాలెం తిరిగేవాణ్ణి. డబ్బులు బాగానే వచ్చేవి, అబద్ధం ఎందుకు. అరగంట జ్ఞానదంతానికీ మూడు గంటల దవడకీ మిగిలేది లెక్కేస్తే దవడ జోలికి ఎవరూ పోరు. అయితే ఒక రాత్రి, నేను పన్ను తీసొచ్చిన ఓ పెద్దావిడకి నెత్తురు ఆగలేదు. క్లినిక్కుకి తాళం, నేనేమో చించినాడ వంతెన దాటి అవతలి ఒడ్డున ఉన్నాను. ప్రాణానికి ముప్పు రాలేదు గానీ ఆమె కొడుకు ఫోన్లో అడిగిన మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. రాత్రి వెళ్ళి చూడలేని ఊళ్ళో పగలు పన్ను తియ్యకూడదని అప్పుడే అనుకున్నాను.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చింది. కోవిడ్ నుంచి బయటపడ్డామని ఊపిరి పీల్చుకున్న మనుషులకి పైదవడ కుళ్ళిపోయింది. చెవి, ముక్కు డాక్టర్లు, కంటి డాక్టర్లు, మేము ఒకే బల్ల చుట్టూ నిలబడ్డాం. ఆ మేలో ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. దవడ తీసేశాక తాగిన మంచినీళ్ళు ముక్కులోంచి కారిపోతుంటే, అంగిట్లో ఆ కంత మూసే ప్లేటు చేసి పెట్టింది పళ్ళ డాక్టర్లే. ఆ నాలుగు నెలలూ నన్ను ఏ మేనమామా ఏమీ అడగలేదు.

అందుకే పిల్లకి చెప్పాను: మొదటి అయిదేళ్ళూ రాత్రి ఫోన్ వచ్చే ఆసుపత్రిలో ఉండు. జ్ఞానదంతం ఎప్పుడైనా తియ్యొచ్చు, దవడ మాత్రం నాలుగేళ్ళు ముట్టుకోకపోతే చేతికి ఎదురు తిరుగుతుంది. కేన్సర్ వైపు మనసుంటే ఇంకా మంచిది. మామూలుగా నోరు తెరిస్తే మూడు వేళ్ళు నిలువునా పట్టాలి. గుట్కా నమిలే కుర్రాళ్ళకి పాతికేళ్ళకే ఒక వేలు పట్టడం లేదు. మా అన్నయ్యకి ఈ సలహా నచ్చలేదు. కాఫీ సగంలో వదిలేశాడు.

పాఠకులకి ఒక మాట. ఎవరైనా పడి మూతికి దెబ్బ తగిలితే పళ్ళు కలిపి చూడమనండి. ఎప్పట్లా కలవకపోతే మూడు గుమ్మాలు తిప్పకుండా నేరుగా మా దగ్గరికి తీసుకురండి. పాలపన్ను కాని పెద్దపన్ను వేరుతో సహా ఊడిపడితే తోమకండి, గుడ్డతో తుడవకండి. గ్లాసుడు పాలల్లో వేసి గంటలోపు తెచ్చేయండి.