నాగోబా ముంగిట్లో దర్బారు

పుష్య మాసం వచ్చిందంటే మెస్రం ఇంటిపేరు గోండులు గోదావరి దారి పడతారు. తెల్ల ధోవతులు, తెల్ల తలపాగాలు, కాళ్లకు చెప్పులుండవు. జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగులో ఝారీ అనే పాత్రలో గంగాజలం నింపి, తెల్లబట్ట చుట్టి మళ్లీ నడక. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి ఆదిలాబాద్ జిల్లా కెస్లాపూర్ మర్రిచెట్ల కిందికి చేరతారు. అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే సర్పదేవత నాగోబాకు అభిషేకం.

ఈ పూజలో చూస్తూ నిలబడేవాళ్లు తక్కువ. సిరికొండ కుమ్మరులు చేసిచ్చిన కొత్త కుండలతో ఆడపడుచులు కోనేటి నీళ్లు తెస్తారు. అల్లుళ్లు మట్టి తవ్వుతారు. ఆ మట్టీ నీళ్లూ కలిపి పుట్టలు కడతారు. కొత్త కోడళ్లకు ఆ రాత్రే 'బేటింగ్': తెల్లచీర కట్టుకొని పెద్దల వెంట దేవుడి ముందుకు వస్తేనే ఆమె మెస్రం మనిషి. గోండుల వాద్యకారులైన పర్ధాన్ల డోలు, కాలికోమ్ బూర మోగుతూనే ఉంటాయి. వరసకొక పని ఉంది కాబట్టి ఏ ఒక్కరు రాకున్నా లోటు తెలుస్తుంది. ఈ తంతులో నాకు కనిపించే అసలు బలం అదే.

నిజాం రోజుల్లో ఆ బలం అవసరపడింది. రిజర్వు అడవి గీతలు గీశాక పోడు కొడితే నేరం, పశువులు మేస్తే పన్ను, కట్టె తెస్తే జుల్మానా. జంగ్లాతోళ్ల, అంటే అటవీ సిబ్బంది, పేరు వింటేనే గూడేలు వణికేవి. తిరగబడ్డ కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు ఒరిగాడు. ఆయన వర్ధంతిని గోండులు ఇప్పటికీ క్యాలెండర్ తేదీన కాక ఆశ్వయుజ పౌర్ణమికే చేస్తారు. తమ పెద్దలకు చేసినట్టే పూజ చేస్తారు.

ఆ తిరుగుబాటు తర్వాత గోండుల మధ్య పనిచేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గమనించింది చిన్న సంగతే. కచేరీకి రావడానికి భయపడే జనం కెస్లాపూర్‌కు మాత్రం పిలవకుండానే వస్తారు. అందుకే అధికారులనే జాతరకు రప్పించి అర్జీలు వినిపించే ఏర్పాటు 1940లలో మొదలైంది. నాగోబా దర్బారు అదే. దేవుడి ముంగిట అధికారి కూడా అతిథే అవుతాడు, గోండు గొంతు పెగులుతుంది. పాలన గురించి ఇంత తెలివైన ఆలోచన నిజాం రాజ్యంలో అరుదు.

దర్బారు ఉన్నంత మాత్రాన తూటాలు ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న, కెస్లాపూర్‌కు దగ్గర్లోని ఇంద్రవెల్లిలో, భూముల కోసం సభకు వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. జనం చెప్పే సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. అక్కడ కట్టిన స్తూపం దగ్గర నివాళికి కూడా ఏళ్ల తరబడి ఆంక్షలుండేవి.

గంగాజలం మోసే మెస్రంలు ఏటా ఆ ఇంద్రవెల్లి మీదుగానే వస్తున్నారు. పూజ ముగిశాక దర్బారులో కలెక్టరు ముందు పెట్టే అర్జీల్లో పోడు పట్టాల మాట ఇంకా ఉంది.