పేరులో లేని లక్షణము

వ్యాధి పేరు వైద్యునకు దారి చూపవలెను. కాని న్యూరోమైలైటిస్ ఆప్టికా అను పేరు సగము దారియే చూపుచున్నది. దృక్ నాడికి, వెన్నుపాముకు వచ్చు వాపు అని దాని యర్థము. 1894లో ఫ్రెంచి వైద్యుడు దెవిక్ దీనిని వర్ణించెను. 2006 నాటి నిర్ధారణ సూత్రములు కూడ ఆ రెండు అవయవములకే ముఖ్యస్థాన మిచ్చినవి.

అయితే కొందరు రోగులకు మొదట కలుగునవి ఆగని వాంతులు, ఎక్కిళ్లు. కడుపును ఎంత పరీక్షించినను దోషము కనబడదు. అది మెదడులో నున్నది. దేహమును కాపాడవలసిన ప్రతిరక్షకములే ఆక్వాపోరిన్-4 అను ప్రొటీనుపై దాడి చేయును. ఇది కణములలోనికి నీరు పోవు ద్వారము. మజ్జాముఖములోని వాంతి కేంద్రమున ఈ ప్రొటీను మెండు; రక్తమునకు, మెదడునకు నడుమ నుండు అడ్డుగోడ అచ్చట బలహీనము.

ఈ ప్రతిరక్షకము 2004లోను, దాని లక్ష్యము 2005లోను తెలిసినవి. 2015 నాటి అంతర్జాతీయ సూత్రములు, వేరు కారణము దొరకని వాంతులను, ఎక్కిళ్లను ఆరు ముఖ్యలక్షణములలో నొకటిగా చేర్చినవి. ఇది మెచ్చదగిన సవరణ. కాని పాత పేరు అట్లే నిలిచినది; దానికి 'స్పెక్ట్రమ్' అను తోక మాత్రము తగిలించిరి. ఆ పేరు విన్నవారికి వాంతి స్ఫురించునా?

మన పాఠములందును జీర్ణమండలము ఒక అధ్యాయము, నాడీమండలము మరియొకటి. ఈ రెంటికిగల సంబంధమును ఉపాధ్యాయులు ఈ ఉదాహరణముతో బోధింపవచ్చును. వ్యాధి అరుదైనదే, ప్రతి వాంతికిని భయపడ నక్కరలేదు. అయినను సకాలమున గుర్తించి చికిత్స చేసినచో, తరువాత చూపు పోకుండను, కాళ్లు చచ్చుబడకుండను కాపాడు అవకాశము కలదు.