కామెంటు పెట్టే చోటు

ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెప్పే ఒక టీచరు పిల్లల రాతలు దిద్దుతుంటే పక్కన కూర్చుని చూశాను. గూగుల్ డాక్స్‌లో ఒక పోచంపల్లి అమ్మాయి తన ఇంట్లో జరిగే నేత పని గురించి రాసింది: ‘మై మదర్ ఈజ్ డూయింగ్ ఆసు సిన్స్ ట్వెంటీ ఇయర్స్. ఇట్ ఈజ్ వెరీ డిఫికల్ట్ వర్క్.’ ఆసు అంటే చీర నేసే ముందు కొయ్యల మధ్య దారం చుట్టే పని.

టీచరు ముందు చివరిదాకా చదివారు, మౌస్ ముట్టుకోలేదు. తర్వాత ‘ఎడిటింగ్’ను ‘సజెస్టింగ్’కు మార్చారు. అక్కడ మాటను కొట్టేసినా చెరిగిపోదు. దానిమీద గీత పడుతుంది, కొత్త మాట పక్కన రంగులో చేరుతుంది. టిక్కు కొట్టి ఒప్పుకోవడమో, ఇంటూ కొట్టి వద్దనడమో రాసినవాళ్ల ఇష్టం. చిన్నప్పుడు నా నోటుబుక్కుల్లో పడిన ఎర్రసిరాకు ఈ మర్యాద లేదు.

అయినా ఆవిడ దాన్ని ఒక్క స్పెల్లింగుకే వాడారు. మిగతావన్నీ కామెంట్లే, అవీ తక్కువే. మొదటిది గ్రామరు గురించి కానే కాదు. పేరా మొత్తం కాకుండా ‘వెరీ డిఫికల్ట్’ అన్న రెండు మాటల్నే సెలెక్ట్ చేసి అంచున ఇలా రాశారు: ‘ఆసు పోసేటప్పుడు అమ్మ చెయ్యి ఎటు నుంచి ఎటు పోతుంది? ఎన్నిసార్లు? చూడనివాళ్లకు చూపించు.’

రెండోది ‘సిన్స్’ మీద. ‘ఇరవై ఏళ్ల నుంచి’ అన్నా, ‘2005 నుంచి’ అన్నా తెలుగులో ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో మొదలైన సమయానికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. అమ్మాయి తెలుగులో సరిగ్గానే ఆలోచించిందని టీచరుకు తెలుసు. అందుకే ‘తప్పు’ అనలేదు. ‘ఇరవై ఏళ్లు అంటే పని మొదలైన రోజా, గడిచిన కాలమా?’ అని అడిగి ఆగారు.

‘ఈజ్ డూయింగ్’ కూడా సరికాదు. దాన్ని కావాలనే వదిలేశారు. రెండో భాషలో రాసేవాళ్లకు గ్రామరు దిద్దడమే మానేయాలని 1996లో పరిశోధకుడు జాన్ ట్రస్కాట్ వాదిస్తే, 1999లో మరో పరిశోధకురాలు డానా ఫెరిస్ దిద్దాలంటూ గట్టిగా జవాబిచ్చారు. ఆ వాదన ఎటు తేలినా, ఒకసారికి ఒక్క ముడి విప్పే ఈ ఓపికే నాకు నచ్చింది.

రెండు రోజులకు పేరా మారింది. ‘ఫర్ ట్వెంటీ ఇయర్స్’ వచ్చింది. ‘వెరీ డిఫికల్ట్’ పోయి, ఒక్క చీరకు అమ్మ చెయ్యి సుమారు 9,000 సార్లు కొయ్యల మధ్య తిరుగుతుందన్న వాక్యం చేరింది. తన తల్లి పడే ఇదే కష్టాన్ని చూసే, నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆసు పోసే లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. వెర్షన్ హిస్టరీలో చూస్తే, చెయ్యి తిరిగే ఆ వాక్యాన్ని అమ్మాయి నాలుగుసార్లు తిరగరాసింది.

టీచరు రెండు కామెంట్లకూ ‘రిజాల్వ్’ నొక్కారు. తర్వాత మెల్లగా ‘ఈజ్ డూయింగ్’ను సెలెక్ట్ చేశారు.