మిల్లీవోల్టుల దారి

గడ్చిరోలి జిల్లా చామోర్శి తాలూకాలో, వైన్‌గంగ ఒడ్డున ఉన్న ఆష్టికి చేరువలోని కోన్‌సరిలో సురజాగఢ్ ఖనిజంతో స్పాంజ్ ఐరన్ తయారీ మొదలైన తరువాత, వేడిని కొలిచే తీగల పని ఆ అడవి సీమకూ వచ్చి చేరింది. బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ తయారీకి గుండెకాయ రోటరీ కిల్న్, అంటే కొద్దిగా వాలుగా అమర్చి నెమ్మదిగా తిప్పే పొడవైన ఉక్కు గొట్టం. దాని లోపలి వేడి సుమారు 1000 నుంచి 1050 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది తగ్గితే ఖనిజం పూర్తిగా ఇనుముగా మారదు, మితిమీరితే బూడిద మెత్తబడి గోడలకు గడ్డకడుతుంది.

ఆ వేడిని కనిపెట్టేది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక కొస వద్ద కలిపి వేడిచేస్తే రెండవ కొస వద్ద స్వల్ప వోల్టేజీ కనిపిస్తుందని 1821లో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ బయటపెట్టిన ధర్మమే దానికి ఆధారం. పరిశ్రమల్లో ఎక్కువగా వాడే కె-రకం థర్మోకపుల్ 1000 డిగ్రీల వద్ద ఇచ్చేది దాదాపు 41 మిల్లీవోల్టులు మాత్రమే కనుక, దారిలో ఒక్క మిల్లీవోల్టు అదనంగా కలిసినా పీఎల్‌సీ, అంటే యంత్రాలను నడిపే కంట్రోలర్, సుమారు 25 డిగ్రీలు తప్పు చదువుతుంది. అలా కలిసే అక్కరలేని విద్యుత్తునే నాయిస్ అంటారు.

నాయిస్ ఒకే దారిన రాదు, అందుకే ఒకే మందుతో పోదు. మోటారు కేబుల్ చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం సిగ్నల్ తీగల్లో వోల్టేజీని ప్రేరేపిస్తుంది. రెండు తీగలను మెలిపెడితే పక్కపక్క మెలికల్లో పుట్టే వోల్టేజీలు ఎదురెదురై చాలావరకు రద్దవుతాయి. విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చేదాన్ని తీగల మీది లోహపు తొడుగు, అంటే షీల్డ్, అడ్డుకుంటుంది. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు క్షణక్షణం వోల్టేజీని తెగ్గొట్టి కలుపుతూ ఉండడం వల్ల వాటి కేబుళ్లు అందరికంటే చెడ్డ పొరుగు. సిగ్నల్ కేబుళ్లను వేరే ట్రేలో వేసి, దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించడం పాత పద్ధతే అయినా దానికి సాటి వచ్చేది లేదు.

షీల్డ్‌ను రెండు కొసల వద్దా భూమికి కలిపితే మరింత రక్షణ దొరుకుతుందనుకోవడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. కిల్న్ దగ్గరి భూమికీ, పీఎల్‌సీ ఉండే ప్యానెల్ భూమికీ మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా షీల్డ్ గుండా కరెంటు ప్రవహించి, కాపలా కాయవలసిన తొడుగే దొంగగా మారుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. అందువల్ల ఇలాంటి మందకొడి సిగ్నళ్లకు షీల్డ్‌ను సాధారణంగా ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ పట్టీకి బిగించి, రెండవ కొసను కత్తిరించి, ఏ లోహానికీ తగలకుండా స్లీవ్ తొడుగుతారు.

నాయిస్‌గా కనబడని తప్పులూ ఉన్నాయి. థర్మోకపుల్ తల నుంచి ప్యానెల్ దాకా దానికి సరిపడే కాంపెన్సేటింగ్ కేబుల్‌కు బదులు మామూలు రాగి తీగ లాగితే, తల వద్ద 80, ప్యానెల్ వద్ద 30 డిగ్రీలు ఉన్నప్పుడు రీడింగు దాదాపు 50 డిగ్రీలు తక్కువ చూపుతుంది. అంకె కదలకుండా నిలకడగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. బేరింగుల వంటి చోట్ల వాడే పీటీ-100 సెన్సార్‌లో ప్లాటినం నిరోధం డిగ్రీకి 0.385 ఓములు మారుతుంది. దాన్ని వంద మీటర్ల దూరం నుంచి 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలు రెండింటితోనే కలిపితే, తీగల నిరోధమే సుమారు 9 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఇలాంటి సెన్సార్‌కు మూడవ తీగ వేసేది ఆ నిరోధాన్ని లెక్కలోంచి తీసివేయడానికే.

సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెంచి అంకెను నిలబెట్టడం తేలిక కనుక చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ అది నాయిస్‌ను దాచిపెట్టడమే కాక, నిజంగా పెరుగుతున్న వేడిని కూడా ఆలస్యంగా చూపుతుంది. అంతకంటే మేలైన పరీక్షకు మల్టీమీటరు చాలు: ప్యానెల్ వద్ద షీల్డ్‌ను ఎర్త్ నుంచి విప్పి, దానికీ భూమికీ మధ్య నిరోధం చూడాలి. మీటరు ఓపెన్, అంటే దారి తెగి ఉన్నట్టు, చూపకపోతే ఆ షీల్డ్ మరెక్కడో లోహానికి తగులుతున్నట్టే, జంక్షన్ బాక్సులను ఒక్కొక్కటిగా తెరిచి ఆ చోటును వెతకవలసిందే.