అవ్వ కూర్చున్న బెంచీ

మా తెలుగు అయ్యవారు "మీరు చూసినది ఏదైనా ఒకటి తీసుకొని విమర్శ రాయండి" అన్నారు. తరగతిలో సగం మంది సినిమాలు తీసుకున్నారు. నేను వేసవి సెలవుల్లో మా ఇంటివాళ్లం పోయివచ్చిన పెద్ద పార్కును తీసుకున్నాను. దాని పేరు రాయడం లేదు. వేరే పార్కులకు పోయివచ్చిన నా స్నేహితురాళ్లు కూడా ఇదే మాట చెప్పినారు కాబట్టి, తప్పు ఆ ఒక్కదానిదే కాదనుకుంటా.

హోసూరులో పొద్దున ఆరింటికి బస్సు ఎక్కినాము. నాయన, అమ్మ, అవ్వ, తమ్ముడు, నేను. పార్కు గేటు మీద, కుటుంబమంతా కలిసి సంతోషపడండి అనే అర్థం వచ్చేట్టు ఇంత పెద్ద అక్షరాలు. ఐదు టికెట్లు కొన్నాము. అవ్వకు కొంచెం తగ్గించినారు.

ముందు మంచి చెప్తాను. రోలర్ కోస్టర్ బ్రహ్మాండం. ఆ బండికి ఇంజను లేదు. గొలుసు దాన్ని మెల్లగా పైకి లాగి వదిలేస్తుంది, అంతే. తర్వాత పరుగంతా ఆ ఎత్తులో దాచుకున్న శక్తిదే. అందుకే మొదటి గుట్టకంటే రెండో గుట్ట పొట్టిగా ఉంటుంది. స్థితిశక్తి గతిశక్తిగా మారుతుందని పుస్తకంలో పదిసార్లు చదివినాను, కడుపులోకి దిగింది మాత్రం ఆ రోజే. నాయనా నేనూ రెండుసార్లు ఎక్కినాము. నాయన అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు.

తమ్ముడు ఎక్కలేదు. అక్కడ గోడమీద 140 సెంటీమీటర్ల గీత ఉంది, వాడు 128. మునివేళ్ల మీద నిలబడి చూసినాడు, కాపలా అన్న నవ్వి వెనక్కి పంపించినాడు. ఆ గీత తప్పు అనను. భుజాలమీద దిగే ఇనుప పట్టీ చిన్నపిల్లల ఒంటికి సరిగ్గా బిగవదు. అవ్వకు బీపీ, కాబట్టి ఆమె కూడా ఎక్కకూడదు. పోనీ నీళ్ల ఆటలకు పోదామంటే అక్కడ నైలాను బట్టలే వేసుకోవాలి. నూలు పోగులు నీళ్లు వడకట్టే యంత్రాల్లో చిక్కుకుంటాయట, చీరకొంగు జారుడుబల్లలో ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. అదీ న్యాయమే. అవ్వ నూలు చీర కట్టుకొని కాళ్లు తడుపుకుందామని మెట్టు దిగిందో లేదో, ఈల ఊదినారు.

ఇట్లా విడివిడిగా చూస్తే ప్రతి నియమానికీ కారణం ఉంది. అన్నీ కలిపితే మా అవ్వకు మిగిలింది ఒక బెంచీ. మా అమ్మకు మా చెప్పులు, సంచులు, తడిబట్టలు, అవ్వ పక్కన చోటు. బెంచీ మీద నీడ కూడా సగమే. ఎండ జరిగేకొద్దీ ఇద్దరూ జరుగుతా ఉన్నారు. మధ్యాహ్నం అవ్వ అడిగింది, "ఏం పాపా, గుళ్లో అయితే కట్టమీద ఊరికే కూసోవచ్చు. ఈడ కూసునేదానికి దుడ్డు కట్టల్లా?" నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ఇంటికొచ్చినాక ఇట్లాంటి పార్కులు ఎట్లా పుట్టినాయని వెతికినాను. వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తన ఇద్దరు కూతుళ్లను తీసుకుపోయేవాడట. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే ఆయన బెంచీ మీద కూర్చొని వేరుశనగలు తింటూ, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండాలి కదా అనుకున్నాడట. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీల్యాండ్ ఆ ఆలోచనలోంచే వచ్చిందని ఆయనే తర్వాత చెప్పినాడు. అందులో మొదటినుంచీ పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు ఉంది. ముసలివాళ్లూ పసిపిల్లలూ పక్కపక్కన కూర్చొని పోవచ్చు.

అంటే బెంచీ మీద ఊరికే కూర్చోలేక ఒక నాయన కన్న కలనుంచి పుట్టిన పార్కులకు మేము పోయి, అవ్వను మళ్లీ బెంచీ మీదే కూర్చోబెట్టి వచ్చినాము.

మేము పోయిన పార్కులో పెద్ద ఆటలన్నిటికీ పెద్ద పెద్ద బోర్డులు ఉన్నాయి. ఐదుగురం కలిసి ఎక్కేది ఏదని అడిగితే టికెట్ల దగ్గర ఉన్న అక్క కాసేపు ఆలోచించి, మెల్లగా తిరిగే చక్రం చూపించింది. అది ఆఖరి మూలలో ఉంది. మేము పోయేసరికి దాన్ని ఆపేసినారు. అంత ఖర్చుపెట్టి కట్టినవాళ్లు దాన్ని గేటు దగ్గరే పెట్టి ఉంటే పోయేదేముంది? మా ఊళ్లో చంద్రచూడేశ్వరుని తేరు లాగేటప్పుడు తాడు పట్టుకోవడానికి ఎవరి ఎత్తూ కొలవరు. అవ్వ ప్రతి ఏడూ పట్టుకుంటుంది. ఆమె లాగినందుకు తేరు కదలదని ఆమెకూ తెలుసు, అయినా పట్టుకుంటుంది. తేరునూ రోలర్ కోస్టర్‌నూ పోల్చకూడదని నాయన అన్నాడు. నేను పోల్చేది బండ్లను కాదు, వాటి చుట్టూ మనుషులకు దొరికే చోటును.

ఇంతవరకు రాసి అమ్మకు చదివి వినిపించినాను. "అంతా సరే, ఆ రోజు నేను పొయ్యి ముట్టించలేదు. సాయంత్రందాకా కూర్చొని మీ అవ్వ పెండ్లి కథ మొత్తం విన్నాను. అది రాయలేదేం?" అనింది. ఆ కథ నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అడిగితే, "నువ్వు ఆ బండ్లమీద అరుస్తా ఉంటివి కదా" అనింది అవ్వ.

కాబట్టి ఆ మాట కూడా చేరుస్తున్నాను. బెంచీకి నీడ మాత్రం సగమే ఉండింది.