తోలు చెడకుండా కయోటీ వేట: చిన్న గుండ్ల పరీక్ష

కయోటీ ఉత్తర అమెరికా జంతువు. తోడేలుకు, మన నక్కకు దగ్గరి బంధువు. బరువు సాధారణంగా 9 నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది. చలికాలం వచ్చేసరికి దాని ఒంటిమీద మెత్తటి లోబొచ్చు, దానిపైన పొడవైన పైవెంట్రుకలు దట్టంగా పెరుగుతాయి. మోంటానా, వయోమింగ్, డకోటాలు, కెనడాలోని ఆల్బర్టా, సస్కాచెవాన్ వంటి చలి ప్రాంతాల కయోటీల బొచ్చు లేత రంగులో, ఒత్తుగా ఉంటుంది. చలికోట్ల టోపీ అంచులకు కుట్టే బొచ్చుగా దానికే ఎక్కువ ధర పలికేది. నవంబరు చివరి నుంచి జనవరి వరకు తోలు మంచి పదునులో ఉంటుంది. ఫిబ్రవరి దాటితే వీపుమీద, తుంటిమీద బొచ్చు రాపిడికి అరిగిపోతుంది.

ఈ తోలు కోసం వేటాడేవారికి రెండు అవసరాలున్నాయి. జంతువు అక్కడికక్కడే చనిపోవాలి, తోలుకు పెద్ద చిల్లు పడకూడదు. పైకి ఇవి ఒకదానికొకటి అడ్డంగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకే పనిని కోరతాయి: గుండు సన్నటి చిల్లుతో లోపలికి వెళ్లి, తన శక్తినంతా ఛాతీలోనే ఖర్చు చేసి, రెండో వైపు తోలును తాకకుండా ఆగిపోవాలి. అలా ఆగే తూటాను వెతికి పట్టుకోవడమే ఈ పరీక్షల లక్ష్యం. అది తుపాకి పేరును బట్టి కాక, తాకే క్షణంలో గుండుకున్న వేగం, ఆ గుండు నిర్మాణం ఎంత బాగా పొసిగాయన్న దాన్ని బట్టి తేలుతుంది.

చిన్న గుండ్ల ప్రయోగాలు పాతవే. .22 హార్నెట్ 1930 ప్రాంతంలో బజారుకు వచ్చింది. 1935లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల గుండును సెకనుకు 1,250 మీటర్ల వేగంతో పంపి ఆ కాలపు వేటగాళ్లను ఆశ్చర్యపరిచింది. ఒక గ్రెయిన్ అంటే 0.065 గ్రాము; 48 గ్రెయిన్లంటే మూడు గ్రాములకు కాస్త పైన. పి.ఓ. ఆక్లీ వంటి తుపాకి నిపుణులు 1940లలోనే ఇంకా సన్నటి .17 అంగుళాల గొట్టాలతో ప్రయత్నాలు చేశారు. ఔత్సాహికులు చేత్తో చేసుకుంటూ వచ్చిన .22-250ని రెమింగ్టన్ 1965లో ఫ్యాక్టరీ తూటాగా మార్చింది. అదే కంపెనీ 1971లో .17 రెమింగ్టన్‌ను విడుదల చేసింది. హార్నడీ, రూగర్ కంపెనీలు కలిసి 2004లో .204 రూగర్‌ను తెచ్చాయి. నేటి తోలు వేటలో చర్చంతా చాలామటుకు ఈ చివరి మూడింటి చుట్టూ, వాటితోపాటు అందరికీ అందుబాటులో ఉండే .223 రెమింగ్టన్ చుట్టూ తిరుగుతుంది.

వీటి మధ్య తేడా అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. .17 రెమింగ్టన్ 25 గ్రెయిన్ల గుండును, అంటే గ్రామున్నర పైచిలుకు బరువును, సెకనుకు సుమారు 1,230 మీటర్ల వేగంతో పంపుతుంది. .22-250 పంపే 55 గ్రెయిన్ల గుండు వేగం సుమారు 1,120 మీటర్లు. వేగం కాస్త తక్కువైనా బరువు రెట్టింపుకు మించి ఉండటంతో తుపాకి మూతి దగ్గర దాని శక్తి దాదాపు 2,240 జౌళ్లు; .17ది 1,230 జౌళ్లు. పక్కనుంచి గుండు దాటాల్సిన కయోటీ ఛాతీ మందం జానెడుకు లోపే ఉంటుంది. అంత తక్కువ దూరంలో 2,240 జౌళ్ల శక్తి ఖర్చు కావడం కష్టం. మిగిలినదంతా అవతలి వైపు తోలును చించుకుని బయటికి వస్తుంది. దగ్గరి కాల్పుల్లో .22-250 చేసే నిష్క్రమణ గాయంలో పిడికిలి పట్టేటంత చిల్లు పడటం మామూలే. అలాంటి తోలును ఎంత నేర్పుగా కుట్టినా ధర సగానికి పడిపోతుంది.

గుండు నిర్మాణం ఇక్కడ చాలా ముఖ్యం. చిన్న జంతువుల కోసం చేసే గుండ్లలో లోపల సీసం, పైన పలుచటి రాగి తొడుగు, కొన్నింటికి ముందు ప్లాస్టిక్ మొన ఉంటాయి. హార్నడీ వి-మ్యాక్స్, నోస్లర్ బాలిస్టిక్ టిప్, సియెర్రా బ్లిట్జ్‌కింగ్ ఈ కోవలోవి. దేహాన్ని తాకగానే మొన వెనక్కి నెట్టుకుపోయి తొడుగును చీలుస్తుంది, సీసం ముక్కలుగా చెదిరిపోతుంది. తేలికైన ముక్కలు వేగాన్ని త్వరగా పోగొట్టుకుని ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతాయి. పూర్తిగా రాగి తొడుగున్న సైనిక తరహా గుండును కొందరు సిఫారసు చేస్తారు. రెండు వైపులా సన్నటి చిల్లే పడుతుందని వాళ్ల వాదన. ఆ వాదన ఒప్పుకోదగినది కాదు. అలాంటి గుండు విచ్చుకోకుండా దూసుకుపోతుంది, గాయపడిన జంతువు కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తి ఎక్కడో పొదలో చనిపోతుంది. తోలూ దక్కదు, జంతువుకు నరకం తప్పదు.

మరీ పెళుసైన గుండుతోనూ అంతే ప్రమాదం ఉంది. వేగం ఎక్కువై తొడుగు పలుచనైతే భుజం ఎముక మీదే గుండు పగిలిపోయి, పైపైన వెడల్పాటి గుంత చేస్తుంది, లోపలి అవయవాలను చేరదు. వేటగాళ్లు ఎక్కువగా భయపడేది ఈ పైపగులుకే. తొడుగు బలం గొట్టంలోని గాడుల తిప్పుకు కూడా తట్టుకోవాలి. తొమ్మిది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గొట్టం నుంచి సెకనుకు 4,000 అడుగుల వేగంతో వెళ్లే గుండు నిమిషానికి 3,20,000 చుట్లు తిరుగుతుంది. మరీ పలుచటి తొడుగు ఆ తిప్పుకు గాల్లోనే విచ్చిపోవచ్చు.

పరీక్ష కాగితపు గురిబిళ్లతో మొదలవుతుంది. తూటాను స్వయంగా నింపుకునేవారు మందు తయారీదారు ప్రచురించిన పట్టికలోని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ఒత్తిడి గుర్తుల కోసం ప్రతి కేసునూ చూసుకుంటూ వెళ్లాలి. పట్టికలోని గరిష్ఠాన్ని ఎప్పుడూ దాటకూడదు. నూరు గజాల దూరంలో ఐదేసి గుండ్లు కాల్చి అవి ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు, క్రోనోగ్రాఫ్‌తో ప్రతి గుండు వేగాన్నీ నమోదు చేస్తారు. వేగాల మధ్య తేడా ఎంత తక్కువైతే దూరంలో గురి అంత నిలకడగా ఉంటుంది. కానీ వేటలో అన్నిటికంటే విలువైనది చల్లటి గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు. ఐదింటి గుంపు ఎంత అందంగా ఉన్నా మొదటిది పక్కకు పడే తుపాకి ఈ పనికి చాలదు. అందుకే శ్రద్ధగలవారు రోజుకొక్క గుండు చొప్పున, ఒకే కాగితం మీద, కొన్ని రోజులపాటు కాల్చి చూస్తారు. .17 గొట్టాలు సన్నగా ఉండటంతో మసి, రాగి త్వరగా పేరుకుంటాయి. శుభ్రం చేసిన తర్వాత ఎన్ని కాల్పులదాకా గురి నిలుస్తుందో కూడా రాసుకోవాలి.

వేసవిలో చేసిన పరీక్షను చలికాలపు వేటకు నమ్ముకోవడం తరచుగా జరిగే పొరపాటు. చాలా రకాల మందులు చలిలో మెల్లగా మండుతాయి, వేగం తగ్గుతుంది, గుండు తగిలే చోటు మారుతుంది. మోంటానాలో జనవరి ఉదయం సున్నాకు ఇరవై డిగ్రీల కింద ఉండటం అరుదేమీ కాదు. ఉష్ణోగ్రతకు అంతగా చలించని మందులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయినా తూటాలను రాత్రంతా బయట ఉంచి, తెల్లారి అదే చలిలో మళ్లీ కాల్చి చూడటానికి ప్రత్యామ్నాయం లేదు.

కాగితం గురిని చెబుతుంది, గుండు దేహంలో ఏం చేస్తుందో చెప్పదు. అందుకోసం నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బాలు, తడిపిన వార్తాపత్రికల కట్టలు, జిలాటిన్ దిమ్మెలు వాడతారు. జిలాటిన్ పద్ధతిని శాస్త్రీయంగా స్థిరపరచినవారు అమెరికా సైనిక వైద్యుడు మార్టిన్ ఫాక్లర్. పది శాతం జిలాటిన్‌లోకి సెకనుకు 180 మీటర్ల వేగంతో చిన్న ఉక్కు గుండును కాల్చితే అది సుమారు 8.5 సెంటీమీటర్లు దిగాలి. అలా దిగితేనే దిమ్మె సరైనదని లెక్క. ఇంట్లో చేసుకునేవారికి తడి కాగితం చాలు, కాకపోతే కాగితాన్ని ఎంతసేపు నానబెట్టారో ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ముందు మాంసం దుకాణం నుంచి తెచ్చిన పందిపక్క ఎముకల ముక్క ఒకటి, వెనుక కయోటీ ఛాతీ మందం మేరకు కాగితం, చివర ఒక అట్ట ఉంచితే, గుండు ముక్కలు అట్టను చించాయా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది. నిజమైన ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి అవి కాగితం కంటే తక్కువగా అడ్డుకుంటాయి. అట్టదాకా వచ్చీ రానట్టు ఆగిన గుండు కయోటీలో బయటికి రావచ్చని అనుకోవడమే మంచిది.

దూరాన్ని మరిచిపోతే ఈ శ్రమంతా వృథా. తేలికైన గుండు గాల్లో వేగాన్ని చాలా త్వరగా పోగొట్టుకుంటుంది. .17 రెమింగ్టన్ 25 గ్రెయిన్ల గుండు 300 గజాలు చేరేసరికి మొదటి వేగంలో దాదాపు సగంతో మిగులుతుంది. యాభై గజాల్లో పగిలిపోయే గుండు, రెండువందల యాభై గజాల్లో సరిగ్గా విచ్చుకోకుండా సన్నగా దూసుకుపోవచ్చు. కాబట్టి ఒక తూటాను ఒక్క దూరంలో కాల్చి తీర్పు చెప్పకూడదు. కుందేలు అరుపును అనుకరించి పిలిచినప్పుడు కయోటీ వచ్చి నిలబడే యాభై నుంచి రెండువందల గజాల మధ్య కనీసం మూడు దూరాల్లో చూడాలి.

చివరి పరీక్ష తోలు వలిచే బల్ల మీద జరుగుతుంది. వెనుక కాళ్ల వెంట కోసి, తోలును సంచిలా తలవైపుకు లాగి తీస్తారు. లోపలి వైపు తిప్పి చూస్తే బొచ్చు దాచిపెట్టే నిజం కనిపిస్తుంది: గుండు దిగిన చిల్లు ఎంత, బయటికి వచ్చిందా, ముక్కలు ఎక్కడెక్కడ తోలును పొడిచాయి. దూరం, జంతువు నిలబడిన కోణం, తగిలిన చోటు, చిల్లుల కొలతలు ఒక పుస్తకంలో రాసుకునేవాడే తన తూటాను నిజంగా ఎరిగినవాడు. పక్కగా నిలబడిన జంతువుకు భుజం వెనుక పక్కటెముకల మధ్య తగిలిన గుండుకు, ఎదురుగా వస్తుండగా భుజం మీద తగిలిన గుండుకు ఫలితంలో ఎంతో తేడా ఉంటుంది. ఆ తేడాను తూటాకు అంటగట్టకూడదు. చిల్లులను తడి ఆరకముందే లోపలి వైపు నుంచి కుట్టి, రక్తం చన్నీళ్లతో కడిగి, కొవ్వు గీకి, చెక్క చట్రం మీద ముందు బొచ్చు లోపలికి ఉండేలా తొడుగుతారు. సగం ఆరాక తిప్పి బొచ్చు పైకి ఉండేలా ఆరబెడతారు. కయోటీ తోలును అమ్మేది ఆ రూపంలోనే.

ఈ విద్యకు బజారు విలువ ఇటీవల బాగా తగ్గింది. చలికోట్లకు కయోటీ బొచ్చు వాడకంతో పేరుపొందిన కెనడా గూస్ కంపెనీ, 2022 చివరికల్లా బొచ్చు వాడకం ఆపేస్తామని 2021లో ప్రకటించింది. కాలిఫోర్నియాలో కొత్త బొచ్చు వస్తువుల అమ్మకం 2023 నుంచి నిషిద్ధం. సీసం మీద కూడా ఆంక్షలు పెరిగాయి. వేటగాడు వదిలిన కళేబరంలోని సీసపు తునకలు తిన్న గద్దలకు విషం ఎక్కుతుందన్న కారణంతో ఆ రాష్ట్రం 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. సీసం లేని గుండ్లలో రాగి-తగరం పొడిని అదిమి చేసినవి ఈ పనికి అనువైనవి. బార్న్స్ కంపెనీ చేసే వార్మింట్ గ్రెనేడ్ అలాంటిదే. గట్టి రాగి గుండ్లు మాత్రం తోలుకు నష్టమే చేస్తాయి.

అయినా కయోటీలకు చాలా పశ్చిమ రాష్ట్రాల్లో వేట ఋతువు పరిమితి లేదు. గొర్రెల మందలను కాపాడుకోవడానికి వాటిని చంపడం ఎలాగూ జరుగుతూనే ఉంది. చంపక తప్పనిచోట ఆ జంతువును బాధపెట్టకుండా చంపడం, దాని తోలును పారేయకుండా వాడుకోవడం వేటగాడి కనీస బాధ్యత. ఆ బాధ్యత తీర్చుకోవాలనుకునేవారికి, రెండువందల గజాల లోపు పిలిచి కాల్చేటప్పుడు .17 రెమింగ్టన్ కంటే మెరుగైనది లేదు. గాలి వీచే బయలులో 40 గ్రెయిన్ల .204 రూగర్ మేలు. .22-250ని దగ్గరి వేటకు కాక, దూరపు కాల్పులకే ఉంచుకోవాలి.